బెంగళూరు వాళ్లు కాదనలేదు

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఒక్క మాట. "వాళ్లు ఒప్పుకుంటలేరమ్మా" అన్నాను. అంతే. ఆ మాట అనేటప్పుడు నా గొంతు తడబడలేదు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే. పాఠం చెబుతూ చెబుతూ ఒక్కోసారి నా గొంతు నాకే వినబడి ఆగిపోతాను. ఇదే గొంతు కదా, అనుకుంటాను. తర్వాతి మెట్టు మరిచిపోయాననుకుని పిల్లలు అందిస్తారు.

మీరెవరో నాకు తెలియదు. తెలియనివాళ్లకు చెప్పుకోవడం తేలిక అనుకున్నాను. రాయడానికి కూర్చున్నాక తెలిసింది, తేలిక కాదు. పేర్లు మార్చాను. ఊళ్లు మార్చలేదు. ఊళ్లు మారిస్తే, ఆ కాలం మారిస్తే, నా అబద్ధాన్ని అందరూ అంత సులువుగా ఎందుకు నమ్మారో మీకు అర్థం కాదు.

నాది సిరిసిల్ల. మా నాన్న పవర్‌లూమ్ షెడ్డులో పనిచేసేవాడు. ఇంట్లో పెద్ద చదువు చదివిన మొదటివాణ్ని నేనే. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చేసి, జగిత్యాలలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చేరాను. పరిశోధన చెయ్యాలని ఉండేది. ఎక్కడ చెయ్యాలి? మా ల్యాబులో సరిగ్గా తూచే త్రాసు కూడా లేదు. ఉన్నదల్లా ఒక మూల గదిలో పాత కంప్యూటర్లు. వాటికి నేనే ఇన్‌చార్జిని.

ఆ గదిలోనే నాకొక దారి కనిపించింది. కంప్యుటేషనల్ సైన్స్ అంటారు. పేరు పెద్దదే గాని సంగతి సులువు. చేతితో చేయలేని ప్రయోగాన్ని లెక్కగా మార్చి కంప్యూటరు చేత చేయించడం. ఇనుప కడ్డీని ఒక కొసన కాలిస్తే రెండో కొసకు వేడి ఎప్పుడు చేరుతుంది, ఎంత చేరుతుంది? కడ్డీ లేకుండా, మంట లేకుండా తెలుసుకోవచ్చు. పరికరాలు లేని మాలాంటి కాలేజీకి ఇంతకంటే ఏం కావాలి? నేను అందరికీ ఆ కడ్డీ లెక్కే చెప్పేవాణ్ని. పిల్లలు నాకు కడ్డీ సారని పేరు పెట్టేదాకా చెప్పాను. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు, తస్లీమ్‌కు తప్ప.

తస్లీమ్‌ది కోరుట్ల. వాళ్ల నాన్న బస్టాండు దగ్గర బట్టలు కుట్టేవాడు. మా కాలేజీలోనే డిగ్రీ చదివి, బయట ఎమ్మెస్సీ మ్యాథ్స్ ముగించి, మళ్లీ మా దగ్గరికే లెక్కలు చెప్పడానికి వచ్చింది. ఇంట్లో ఉర్దూ మాట్లాడినా తెలుగులో ఆమెతో వాదించి గెలవడం మాకెవరికీ చేతనయ్యేది కాదు. పొద్దున్నే కోరుట్ల బస్సు దిగి సరాసరి కంప్యూటర్ల గదికి వచ్చేది. "కడ్డీ ఇంక సల్లారలేదా సార్?" అని పలకరించేది. నేను నవ్వేవాణ్ని. అప్పట్లో మనస్ఫూర్తిగానే నవ్వేవాణ్ని.

ఆ కడ్డీ లెక్కను ఆమె ఏం చేసిందో చెప్పాలి. కథలాపూర్‌లో వాళ్ల మేనమామకు కొంచెం పొలం ఉండేది. పక్క చేనాయన కొత్త బోరు వేయించాక ఈయన బోరు ఎండింది. ఇద్దరికీ మాటలు బంద్ అయ్యాయి. నీళ్లు నిజంగా అటు గుంజుకుపోయాయా, వానలు లేక దిగిపోయాయా? ఎవరు చెప్పగలరు? కడ్డీలో వేడి పాకే తీరుకూ భూమిలో నీళ్లు జరిగే తీరుకూ సమీకరణం ఒకటే. అది నాకూ తెలుసు. పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను. దాన్ని కథలాపూర్ దాకా తీసుకుపోవాలని నాకు తోచలేదు. ఆమెకు తోచింది. కథలాపూర్, మేడిపల్లి బావుల్లో నీళ్లు ఏ కాలంలో ఎక్కడ ఉంటున్నాయో తిరిగి తెలుసుకుని, ఒక బోరు తోడుతుంటే చుట్టుపక్కల మట్టం ఎట్లా దిగుతుందో చూపే ప్రోగ్రామ్ రాసింది.

పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి గాని తేలని లెక్క. మధ్యలో కరెంటు పోయేది. పోతే మళ్లీ మొదటికి రావాల్సిందే. నేను కరెంటు వాళ్లను తిట్టుకుంటూ కూర్చునేవాణ్ని. ఆమె మాత్రం అప్పటిదాకా అయిన లెక్కను ప్రోగ్రామే కాసేపటికోసారి దాచుకుంటూ పోయేలా మార్చింది. కరెంటు వచ్చాక ఆగిన చోటి నుంచి నడిచేది. పెద్ద పెద్ద కంప్యూటర్ల దగ్గర కూడా ఇదే పద్ధతి అని నాకు తర్వాత తెలిసింది. ఆమెకు ఎవరూ నేర్పలేదు. మా ఊళ్ల కరెంటు కోతలే నేర్పాయి.

ఆ ఏడాది బెంగళూరులోని ఒక పరిశోధన సంస్థ నుంచి ప్రకటన వచ్చింది. కొత్తగా పరిశోధనలోకి రావాలనుకునేవాళ్లకు, చిన్న కాలేజీల్లో పాఠాలు చెప్పుకుంటున్న మాలాంటి వాళ్లకు, కంప్యుటేషనల్ సైన్స్‌లో శిక్షణ. ఉండటానికి హాస్టల్, నెలనెలా స్టైపెండ్, పక్కన కూర్చుని చూపించే గైడు, అన్నిటికీ మించి పని చేయించుకోవడానికి పెద్ద కంప్యూటరు. బాగా చేస్తే అక్కడే పీహెచ్‌డీ. ఆ ప్రకటనను ప్రింటు తీసి తస్లీమ్ చేతికిచ్చింది నేనే. ఆ రోజు నా మనసులో ఏ చెడూ లేదు. లేదనే అనుకుంటాను. ప్రకటన కింద ఒక షరతు ఉంది: ఒక కాలేజీ నుంచి ఒక్కరినే తీసుకుంటారు. ఇద్దరం చదివాం. ఇద్దరమూ దాని ఊసెత్తలేదు. ఇద్దరమూ దరఖాస్తు పెట్టాం. కాలేజీ తరఫున ఇవ్వాల్సిన ఫోను నంబరు రెండింటిలోనూ నాదే.

ఇంటర్వ్యూలు హైదరాబాదులో. నన్ను మొదటి విడతలో పిలిచారు. కడ్డీ లెక్క చెప్పాను. దీన్ని మీ ప్రాంతంలో దేనికైనా వాడి చూశారా అని అడిగారు. లేదన్నాను. తస్లీమ్ చేసింది నోటి దాకా వచ్చింది గాని, అది ఆమెది. ఆ మాత్రం నిజాయితీ అప్పటికి ఉంది. తిరుగు బస్సు సిద్దిపేట దాటేసరికి నాకు తెలిసిపోయింది. ఆమె వెళ్తే ఆ చోటు ఆమెదే.

ఆమెను రెండో విడతలో పిలిచారు. ఆ తేదీ కంటే ముందు ప్రత్యేక రాష్ట్రం కోసం సమ్మె వచ్చింది.

ఆ రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. బస్సులు ఆగాయి. బడులు, ఆఫీసులు మూతపడ్డాయి. రోడ్ల మీదనే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేశారు. ప్రతి చౌరస్తాలో ఒక టెంటు, టెంటు కింద రిలే నిరాహార దీక్ష. ఒక జట్టు పొద్దున దండలు వేసుకుని కూర్చుంటుంది, సాయంత్రం నిమ్మరసం తాగి లేస్తుంది, మర్నాడు ఇంకో జట్టు. జగిత్యాలలో మా లెక్చరర్ల టెంటులో మైకు నా చేతిలో ఉండేది. నేను బాగా మాట్లాడతానని పేరు. ఉద్యమం మీద నాకు ప్రేమ లేదని మాత్రం అనుకోవద్దు. సిరిసిల్ల ర్యాలీకి ఎల్లంతకుంట రైతులు ట్రాక్టర్ల నిండా వచ్చిన రోజు నా కళ్లు తడిశాయి. మన నీళ్లు, మన కొలువులు అన్నప్పుడు అది నా ఇంటి మాటగానే తోచింది. అందుకే ఇది చెప్పడం ఇంకా కష్టంగా ఉంది. అందరూ నిజం చెప్పుకుంటున్న చోట నేను నా అబద్ధాన్ని తెచ్చి కలిపాను.

ఇంటర్వ్యూకు ముందు రోజు మహిళా అధ్యాపకుల జట్టు దీక్షలో కూర్చుంది. తస్లీమ్‌ను వాళ్ల అన్న బండి మీద కోరుట్ల నుంచి తీసుకొచ్చి దింపిపోయాడు. మెడలో బంతిపూల దండ పడ్డాక నన్ను దగ్గరికి పిలిచింది.

"సార్, రేపు పట్నంల ఇంటర్వ్యూ. బస్సులు లెవ్వు. అన్న బండి మీద తీస్కపోత అంటుండు గని, తొవ్వల ఏమైతదో అని అమ్మి ఒప్పుకుంటలేదు. మీరొక్కసారి బెంగళూరుకు ఫోన్ చేసి ఇంకో దినం ఇయ్యుమని అడుగుతరా? నాకు గా ఇంగ్లీషుల ఫోన్ల మాట్లాడాల్నంటె గుండె దడదడ అంటది."

"అడుగుత తియ్యమ్మా."

"మీరు మాట్లాడితె వింటరు సార్."

పక్కనే కుర్చీలో ఉన్న రాజమల్లు సారు, మా పొలిటికల్ సైన్స్ ఆయన, ఊరుకోలేదు. "ఏం తస్లీమ్, దండ పడి గడియ కాలె, అప్పుడె సారును టిఫిన్ అడుగుతున్నవా?" అన్నాడు.

"మీ డబ్బల ఉప్మా ఉన్నదని ఎర్కే సార్. సాయంత్రం దాకా మూత తియ్యకుండ్రి, మాకు వాసనొస్తది" అంది. టెంటంతా నవ్వింది. నేనూ నవ్వాను.

టెంటు వెనక జిరాక్సు దుకాణం షట్టరు దించి ఉంది. దాని మెట్ల మీద కూర్చుని ఫోన్ చేశాను. అవతల ఎత్తింది ఒక పెద్దావిడ, అక్కడి ప్రొఫెసర్. సంగతి విని కొంచెం కూడా ఆలోచించలేదు. మీ దగ్గరి పరిస్థితి పేపర్లలో చూస్తున్నాం, ఆ అమ్మాయిని రోడ్ల మీద ఇబ్బంది పడి రావద్దనండి, ఫోనులోనే మాట్లాడతాం, ఈ వారంలో ఎప్పుడు వీలైతే అప్పుడు నాకు ఒక్క ఫోన్ చేయమనండి అంది. పెట్టేసే ముందు ఇంకో మాట అంది. బావుల మీద పనిచేసింది ఆమే కదా, ఆమెతో మాట్లాడాలని మేమంతా ఎదురుచూస్తున్నాం.

ఆ చివరి మాట అనకపోయి ఉంటే నేను నిజం చెప్పేవాణ్నా? ఎన్నోసార్లు నన్ను నేను అడిగి చూశాను. తెలియదు. ఆ మాట మీదికి నెట్టడం కూడా తప్పించుకోవడమే. లేచి టెంటు వైపు నడిచాను. నడుస్తున్నంతసేపూ అబద్ధం చెప్పాలని అనుకోలేదు. నిజం చెప్పాలని కూడా అనుకోలేదు. ఏమీ అనుకోకుండా ఉండటమే నేను చేసుకున్న ఏర్పాటు అని ఇప్పుడు తెలుస్తోంది.

"ఏమన్నరు సార్?"

"వాళ్లు ఒప్పుకుంటలేరమ్మా."

"బంద్ ఉన్నదని చెప్పిండ్రా?"

"చెప్పిన. రేపు వచ్చినోళ్లకే అంటుర్రు."

ఆమె దండలోంచి ఒళ్లో రాలిన పూరేకును తీసి కింద వేసింది. అప్పుడైనా నోరు విప్పి ఉండవచ్చు. తప్పుగా విన్నాను, మళ్లీ కనుక్కుంటాను అంటే చాలు.

రాజమల్లు సారు విన్నాడు. లేచి నిలబడ్డాడు. "బస్సులు లేవని చెప్పినా ఇంకో దినం ఇయ్యరా? గిది మైకుల చెప్పాలె సార్. మంది ఎర్కజేస్కోవాలె" అంటూ మైకు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఆయన మంచివాడు. నాలాంటివాణ్ని నమ్మాడు.

చెప్పాను. మన కోరుట్ల బిడ్డ, మన బావుల మీద పనిచేసిన బిడ్డ, రావడానికి తొవ్వ లేదంటే ఇంకో రోజు కూడా ఇవ్వరట అని చెప్పాను. మాట్లాడుతుంటే నాకే ఆవేశం వచ్చింది. చప్పట్లు కొట్టారు, నినాదాలు ఇచ్చారు. ఎందుకు నమ్మరు? నిజంగా జరిగిన అన్యాయాలు ఎన్ని విని ఉన్నారు వాళ్లు! నా అబద్ధం వెళ్లి వాటి పక్కన కూర్చుంది. తస్లీమ్ తలవంచుకుని వింటోంది. తన సొంత బాధను నా నోట కథగా వింటోంది.

వారం చివర బెంగళూరు ఆవిడే నాకు ఫోన్ చేసింది. ఆ అమ్మాయి ఫోన్ చేయలేదేమని అడిగింది. ఉద్యమంలో ఉంది, ఇప్పుడు ఆసక్తి లేదంటోంది అన్నాను. సరే, ఆమె ఇష్టం అంది ఆవిడ. రెండో అబద్ధానికి నేను నడవాల్సిన అవసరం కూడా రాలేదు.

ఆ చోటు నాకు వచ్చింది. నేను వెళ్లాను. బయలుదేరే ముందు తస్లీమ్ తన ప్రోగ్రామును ఒక సీడీలో వేసి తెచ్చి ఇచ్చింది. పెద్ద కంప్యూటరు మీద నడిపించి చూడమంది, ఎంత జల్దీగా అవుతుందో తనకు చెప్పమంది. నడిపించాను. లెక్కను దాచుకుంటూ పోయే ఆ ఉపాయం చూసి మా గైడు మెచ్చుకున్నాడు. ఎవరిదని అడగలేదు. నేను చెప్పలేదు. ఎంతసేపట్లో అయిందో తస్లీమ్‌కూ చెప్పలేదు. ఫోను ఎత్తితే ఆ ఒక్క సంగతి దగ్గర ఆగగలనా అని భయం.

తర్వాత పీహెచ్‌డీ, హైదరాబాదులో ఉద్యోగం. రాష్ట్రం వచ్చింది. వచ్చిన రోజు అందరితో పాటు రోడ్డెక్కి రంగు చల్లుకున్నాను. సంతోషం నిజమే. కోరుట్ల వైపు మాత్రం పోలేదు. సిరిసిల్ల దాకా పోయి, చుట్టాలను చూసి, తిరిగి వచ్చేవాణ్ని.

నేనూ ఎంపిక కమిటీల్లో కూర్చునే వయసుకు వచ్చాను. ఇప్పుడు దారులు చాలా ఉన్నాయి. ఇంటి దగ్గరి ల్యాప్‌టాప్ నుంచే దూరాన ఉన్న పెద్ద కంప్యూటరు చేత పని చేయించుకోవచ్చు. ఇంటర్వ్యూలు తెర మీదనే అవుతున్నాయి. దారి ఖర్చులు ఇచ్చేవాళ్లున్నారు. ఎండాకాలం శిక్షణలున్నాయి, కొత్తవాళ్ల కోసమే పెట్టిన ఫెలోషిప్‌లున్నాయి. అన్ని వైపుల నుంచీ దరఖాస్తులు వస్తాయి. జగిత్యాల, కోరుట్ల వైపు నుంచే రావు. చాలాకాలం పట్టించుకోలేదు. అటు పట్టించుకోకపోవడం నాకు అలవాటైన పని.

ఈ మధ్య మా విభాగంలో ఒక సెమినార్ వినడానికి మేడిపల్లి యువకుడొకడు వచ్చాడు. ఎమ్మెస్సీ ముగించాడు. చురుకైనవాడు. మా ఫెలోషిప్‌కు ఎందుకు పెట్టలేదని అడిగాను.

"మా దిక్కోళ్లకు ఇయ్యరట గద సార్. మా మేడంకు అప్పట్ల బంద్ల గట్లనే చేసిండ్రట."

ఏ మేడం అని అడిగాను. అడగకుండానే తెలుసు. కోరుట్లలో తస్లీమ్ మేడం అన్నాడు. ఆమె చెప్పిందా అన్నాను. ఆమె చెప్పదట. ఆమె అప్లై చేయమనే పోరుతుందట. వీళ్లే, మీకే ఇయ్యనోళ్లు మాకేం ఇస్తరు మేడం అంటారట. మా ఊళ్లలో అందరికీ ఆ ముచ్చట తెలుసట.

నేను తస్లీమ్ ఒక్కదాని దారి మూశాననుకున్నాను. అదే పెద్ద బరువు అనుకుని, దాన్ని మోస్తున్నందుకు నన్ను నేను కొంచెం గౌరవించుకునేవాణ్ని కూడా. ఆ అబద్ధం ఇంకా టెంటు కింద మైకు పట్టుకుని మాట్లాడుతూనే ఉందని, నేను ఎన్నడూ చూడని పిల్లలు దాన్ని విని వెనక్కి మళ్లుతున్నారని నాకు తోచనే లేదు. మోస్తూ కూర్చుంటే సరిపోయేది కాదు ఇది. ఆపాలి. ఆపగలిగింది నేనొక్కణ్నే.

కోరుట్ల వెళ్లాను. ఆమె ఒక డిగ్రీ కాలేజీలో లెక్కలు చెబుతోంది. కంప్యూటర్ల గదిలోనే ఉంది. నన్ను చూసి నవ్వి కుర్చీ జరిపింది. కూర్చోకుండానే చెప్పాను. బెంగళూరు ఆవిడ అన్న మాటలన్నీ చెప్పాను, ఎదురుచూస్తున్నాం అన్న మాటతో సహా. రెండో ఫోను సంగతి కూడా. ఆమె నవ్వు ఎప్పుడు పోయిందో చూడలేదు. నేను తెర వైపు చూస్తూ మాట్లాడాను.

నేను ఆపాక అడిగింది. "నా ప్రోగ్రామ్ నడిచిందా ఆడ?"

"నడిచిందమ్మా."

"ఎంతసేపట్ల?"

"చాయ్ తాగొచ్చే లోపల."

"గదన్న చెప్పాల్సింది గద సార్."

ఆమె చున్నీ సర్దుకుని లేచింది.

"మాఫ్ చెయ్యుమని అడగకుండ్రి. నాకు చాతగాదు. ఆ క్లాసుల పిల్లలున్నరు. నాకు చెప్పుడు తేలికనే, పోయి ఆళ్లకు చెప్పుండ్రి."

చెప్పాను. బెంగళూరు వాళ్లు కాదనలేదు, ఫోనులో మాట్లాడతామన్నారు, కాదన్నది నేను, నాకు కావాలని అట్లా చేశాను అన్నాను. కొంత ఇంగ్లీషులో మొదలుపెట్టి, అది దాక్కోవడమేనని తోచి మా భాషలోకి వచ్చాను. తస్లీమ్ గుమ్మం దగ్గర నిలబడి వింది. కొందరు నన్ను చూడటం ఇష్టం లేక బల్లల వైపు చూస్తున్నారు. చూడకపోవడమే న్యాయం.

చివరి వరసలో ఒక అమ్మాయి లేచింది. నన్ను దాటి గుమ్మం వైపు చూస్తూ అడిగింది. "మేడం, ఐతె గా ఫెలోషిప్‌కు లాస్ట్ డేట్ ఎప్పుడు?"

"నన్నడుగుతవేందే? చెప్పేటాయన ముంగట్నే నిలవడ్డడు గద" అంది తస్లీమ్.

తేదీ చెప్పాను. ఇంకొకరు ఇంటర్వ్యూలో ఇంగ్లీషు రాకపోతే ఎట్లా అన్నారు. ఆగి ఆగి మాట్లాడినా వింటారన్నాను. బీడీ కార్ఖానాలో గాలి ఎట్లా తిరుగుతుందో, దుమ్ము ఎక్కడ పేరుకుంటుందో లెక్క వేయవచ్చా అని ఒకరు. వేయవచ్చు, అట్లాంటిదే వేయాలి అన్నాను. తప్పు గురించి ఎవరూ మళ్లీ ఎత్తలేదు. బెల్లు కొట్టినా ప్రశ్నలు ఆగలేదు. నేను వచ్చిన పనికంటే వాళ్ల పని పెద్దదని వాళ్లకు తెలుసు.

వెళ్లేటప్పుడు తస్లీమ్ గేటు దాకా రాలేదు. తన తరువాతి క్లాసుకు వెళ్లిపోయింది.

ఎంపిక కమిటీకి కూడా ఇదంతా రాసిచ్చి తప్పుకున్నాను. ఈసారి కోరుట్ల నుంచి దరఖాస్తులు వచ్చాయని అక్కడి మిత్రుడు చెప్పాడు. ఎవరివని అడగలేదు. వాళ్లలో ఎవరికి వస్తుందో తెలియదు. వాళ్ల మాట వినేవాళ్లు మాత్రం ఉన్నారు.

తస్లీమ్ నుంచి ఏ కబురూ లేదు. ఎదురుచూడటం లేదని రాయబోయి ఆగాను. చూస్తున్నాను. ఇంతకుముందైతే లేదనే రాసేవాణ్ని.